ఏ ఊరి నీళ్లు తాగారు?

మా నాన్నది కనిగిరి దగ్గర పల్లె. పోయిన వేసవిలో అమెరికాలో మా దగ్గరికి వచ్చినప్పుడు నడుము నొప్పి అంటే ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఎక్స్‌రేలో ఎముకలు మామూలు కంటే తెల్లగా, దట్టంగా కనిపించాయి. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకిందేమో చూడాలన్నారు. "ఏమంటున్నాడురా?" అని నాన్న అడిగితే, "ఇంకో పరీక్ష చేయాలట" అని ఊరుకున్నాను. పది రోజులు ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. కడుపు నిండా తిన్నది నాన్న ఒక్కరే.

క్యాన్సర్‌ను అనుమానించడం తప్పనను. కానీ అన్ని పరీక్షలు రాసినవాళ్లలో ఒక్కరూ ఊరేదని అడగలేదు. చివరికి ఒక తమిళ వైద్యురాలు, "ఇన్నేళ్లూ ఏ నీళ్లు తాగారు?" అని నా చేత అడిగించింది. "బోరు నీళ్లే అమ్మా. మా ఊళ్లో అందరివీ గారపళ్లే" అంటూ నాన్న నోరు తెరిచి చూపించారు. ఆ తర్వాత పరీక్షల్లో క్యాన్సర్ లేదని తేలింది.

ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు చిన్నప్పటి నుంచీ ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, ఎముకలు అలాగే దట్టమవుతాయి. దీన్నే ఫ్లోరోసిస్ అంటారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన దేశంలో ఈ జబ్బును వైద్యులు తొలిసారి 1937లో నమోదు చేసింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. అప్పుడు అందులోనే ఉన్న కనిగిరి, పొదిలి ప్రాంతాలు 1970లో ప్రకాశం జిల్లాలోకి వచ్చాయి. ఇదంతా అమెరికా డాక్టరు కంఠతా పట్టనక్కర్లేదు. ఊరు అడిగితే చాలు, మిగతాది వెతుక్కోవచ్చు. రోగి సంస్కృతిని గౌరవించడమంటే దీపావళికి మిఠాయి పంచి, గోడ మీద పది భాషల్లో స్వాగతం రాయడమని కొన్ని ఆసుపత్రుల నమ్మకం. ఆ మిఠాయి నాకు రుచించదు.

అయితే దుబాసీగా కూర్చున్న నేను వెలగబెట్టిందీ తక్కువేమీ కాదు. మూత్రం మంటగా ఉంటే నాన్న "వేడి చేసింది" అన్నారు. నేను నర్సుకు జ్వరమని చెప్పాను. డాక్టరు మాట్లాడుతుంటే నాన్న తల ఊపేవారు. వింటున్నానని ఆయన భావం, అర్థమైందని డాక్టరు లెక్క. పైగా కోడలు పక్కనే ఉంటే ఏ పెద్దాయన నోరు విప్పుతాడు?

కేంద్ర ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రులు దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలని ఇక్కడి 2010 ఆరోగ్య చట్టం కింది నిబంధనలు చెబుతున్నాయి. మనమే అడగం, నామోషీ. అన్నట్టు, ఈ లోటు ఒక్క అమెరికాదే అనుకోకండి. నెల్లూరులో యానాది ముసలాయన వైద్యానికి వస్తే "మీరు" అని పలకరించే డాక్టర్లు ఎందరు?

తర్వాతిసారి దుబాసీ కావాలని అడిగాను. ఫోనులో పలికిన ఆయనది ఒంగోలట. మేమిద్దరం బయట కూర్చున్నాం. నాన్న నలభై నిమిషాల తర్వాత వచ్చారు. ఏం మాట్లాడారని అడిగాను. "అవన్నీ నీకెందుకురా, పద" అన్నారు.