బ్లాక్ తర్వాత పెరిగే ఆక్సిజన్ అంకె: నమ్మాల్సింది ఎంతవరకు?

పిల్లలకు హెర్నియా, కాలి ఆపరేషన్లప్పుడు సాధారణంగా పూర్తి మత్తులోకి వెళ్లాకే నడుము కింద కాడల్ బ్లాక్ (వెన్ను చివర ఇచ్చే మొద్దుబార్చే ఇంజెక్షన్) ఇస్తారు. కాసేపటికి పాదం వెచ్చబడుతుంది, బొటనవేలి దగ్గర పల్స్ తరంగం ఎత్తు పెరుగుతుంది. పల్స్ ఆక్సీమీటర్ అంకె మాత్రం 99 దగ్గరే ఉంటుంది. అది చూసేది ధమని రక్తాన్ని. అందులో ఆక్సిజన్ ముందే నిండుగా ఉంది.

కణజాలంలో ఆక్సిజన్ మార్పు చూపేది చర్మం మీద అతికించే నియర్ ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్. సుమారు 700 నుంచి 900 నానోమీటర్ల కాంతితో తన కింది చిన్న నాళాల రక్తాన్నంతా కలిపి కొలుస్తుంది. అందులో ఎక్కువ భాగం సిర రక్తమే. బ్లాక్‌తో సింపథెటిక్ నరాలు (రక్తనాళాలను బిగించి ఉంచేవి) ఆగిపోతే నాళాలు విప్పారతాయి, రక్తం ఎక్కువగా పారుతుంది. కణాలు వాడుకునేది మాత్రం పెరగదు కాబట్టి సిరలో ఆక్సిజన్ మిగులుతుంది. అంకె పెరిగేది ఆ మిగులు వల్లే. దాన్ని చూసి ‘కణజాలానికి మేలు జరిగింది’ అనేయడం తొందరపాటు.

అసలు జాగ్రత్త తల దగ్గర కావాలి. పసిపిల్లలకు ఎక్కువ పరిమాణంలో మందు వేగంగా ఎక్కిస్తే ఆ ఒత్తిడి వెన్ను ద్రవం మీదుగా మెదడు దాకా పాకి, అక్కడి రక్త ప్రవాహం కొద్దిసేపు తగ్గుతుంది. పాదం అంకె పెరుగుతుండగానే నుదుటికి పెట్టిన సెన్సర్ అంకె పడిపోవచ్చు. రక్తపోటు దీన్ని పట్టివ్వదు. చిన్నపిల్లల్లో కాడల్‌కు అది పెద్దగా పడదు మరి.

మోతాదు లెక్కా ఇక్కడే తప్పుతుంది. 12 కిలోల బిడ్డకు 0.25 శాతం బుపివకైన్ (మొద్దుబార్చే మందు) కిలోకు 1 మి.లీ. చొప్పున 12 మి.లీ. ఇస్తే 30 మి.గ్రా., అంటే కిలోకు 2.5 మి.గ్రా. గరిష్ఠ హద్దు అదే. మొద్దుబారడం ఇంకా పైదాకా రావాలని 1.25 మి.లీ. లెక్కన 15 మి.లీ. ఇస్తే 37.5 మి.గ్రా. అయిపోతుంది. 0.2 శాతానికి పలుచన చేస్తే మళ్లీ 30కి వస్తుంది. పలుచన మందు మోతాదును కాపాడుతుంది కానీ ఒత్తిడిని కాదు. ఆ 15 మి.లీ. నెమ్మదిగానే ఎక్కించాలి.

కొలతలోనూ తప్పులు దొర్లుతాయి. పెద్దల సెన్సర్‌ను చిన్న కాలికి అతికించడం, వాపు, పక్క నుంచి పడే దీపం వెలుగు అంకెను చెడగొడతాయి. బ్లాక్‌కు ముందు అంకె రాసుకోకపోతే తర్వాత కనిపించే 78కి అర్థం లేదు. కాడల్‌లో రెండు కాళ్లూ మొద్దుబారతాయి కాబట్టి పోల్చడానికి రెండో సెన్సర్‌ను భుజానికి పెట్టాలి. భుజం అంకె కూడా కాలితో పాటే పెరిగిందంటే ముందుగా చూడాల్సింది బ్లాక్‌ను కాదు, పీల్చే గాలిలో ఆక్సిజన్‌ను గానీ, శ్వాసను మార్చి రక్తంలో కార్బన్ డయాక్సైడ్‌ను గానీ ఎవరైనా మార్చారా అన్నది.