క్లాక్ పాఠం లేని ఏఐ చదువులు

ఏఐ పేరెత్తితే చాలు, ఎన్ని గ్రాఫిక్స్ ప్రాసెసర్లు, ఎన్ని మెగావాట్లు, ఎన్ని ఎకరాలు అనే లెక్కలే. 2025 అక్టోబరులో విశాఖకు గూగుల్ డేటా సెంటర్ ప్రకటన వచ్చాక మన గోదావరి జిల్లాల్లో ఈ ఊపు మరీ ఎక్కువైంది. ఆ ప్రాసెసర్లకు క్షణక్షణం డేటా అందించే మెమరీ ఇంత వేగం ఎలా పుంజుకుందని మాత్రం ఎవరూ అడగరు. ఆ ఘనతలో సింహభాగం క్లాక్ (చిప్‌లో ప్రతి పనికీ తాళం వేస్తూ పైకీ కిందికీ ఊగే విద్యుత్ సంకేతం) డిజైన్‌దేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. మన పిల్లలకు ముందు నేర్పాల్సిందీ అదే.

2013 నాటి జీటీఎక్స్ 770 గ్రాఫిక్స్ కార్డులో జీడీడీఆర్5 అనే రకం మెమరీ పిన్నుకు, అంటే ఒక్కో డేటా తీగకు, సెకనుకు 7 గిగాబిట్లు (700 కోట్ల బిట్లు) పంపింది. 2018లో ఆర్‌టీఎక్స్ 2080తో జీడీడీఆర్6 దాన్ని 14 చేసింది. 2025 జనవరిలో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5090లో జీడీడీఆర్7 వేగం 28. పన్నెండేళ్లలో నాలుగు రెట్లు! మరి లోపల బిట్లను దాచుకునే గళ్లు కూడా నాలుగు రెట్లు చురుకయ్యాయా? లేదు. జీడీడీఆర్5 ఒక్కో విడతలో పిన్నుకు 8 బిట్లు ముందే తోడి పెట్టుకుంటుంది. జీడీడీఆర్6 16, జీడీడీఆర్7 32. ఇప్పుడు భాగించి చూడండి. మూడింటిలోనూ ఒక్కో ఛానెల్ (మెమరీలోకి వెళ్లే విడి దారి) తన గళ్ల దగ్గరికి వెళ్లేది సెకనుకు 87.5 కోట్ల సార్లే. గళ్ల వేగం ఉన్నచోటే ఉంది, ఒక్కసారికి తోడే బిట్లే పెరిగాయి. అలా తోడిన వాటిని ఒకదాని వెనక ఒకటి, తడబడకుండా, తీగ మీదికి వదలడమే అసలు కష్టం. ఆ కష్టమంతా క్లాక్ నెత్తిన పడింది.

దీనికి దారి చూపింది జీడీడీఆర్5. 2008లో రేడియాన్ హెచ్‌డీ 4870తో అది బజారుకొచ్చింది. అందులో క్లాకులు రెండు. ఏ గడి చదవాలో, ఎక్కడ రాయాలో చెప్పే ఆదేశాలకు 900 మెగాహెర్ట్జ్ క్లాక్. డేటాకు దానికి రెట్టింపు వేగంతో నడిచే వేరే క్లాక్. ఈ రెండోది పైకి లేచేటప్పుడు ఒక బిట్, కిందికి దిగేటప్పుడు ఇంకో బిట్ వెళ్తాయి కాబట్టి పిన్నుకు సెకనుకు 3.6 గిగాబిట్లు దక్కాయి. ఈ తర్కం డెల్టా రైతుకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ధవళేశ్వరంలో తూము తలుపులు అప్పుడప్పుడు సర్దితే సరిపోతుంది, చేలో మడవ దగ్గర మాత్రం మనిషి కాచుకుని ఉండాలి. ఆదేశాల తీగలను నిదానంగా నడవనిచ్చి, పరుగును డేటా తీగలకే పరిమితం చేశారు. తప్పు జరిగే చోట్లు తగ్గాయి, కరెంటు ఖర్చూ తగ్గింది.

పరుగు పెరిగేకొద్దీ సందు ఇరుకవుతుంది. 14 గిగాబిట్ల దగ్గర ఒక బిట్ ఆయుష్షు 71 పికోసెకన్లు (పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లో వంతు). ఆ కాస్త సమయంలో సర్క్యూట్ బోర్డు మీద సంకేతం నడిచేది సుమారు ఒక సెంటీమీటరు! రెండు తీగల పొడవులో అంత తేడా ఉంటే ఒక బిట్ బదులు పక్క బిట్ చదివేస్తాం. క్లాక్ అంచు పది పికోసెకన్లు వణికిందా, ఉన్న సమయంలో ఏడోవంతు పోయినట్టే. అందుకే కంప్యూటర్ ఆన్ చేయగానే మెమరీని నడిపించే కంట్రోలర్ ప్రతి తీగ మీదా తెలిసిన నమూనా ఒకటి పంపి, సమయాన్ని అటూ ఇటూ జరిపి, సరిగ్గా చదవగలిగిన కిటికీకి నడిమధ్యన ఆగుతుంది. మెమరీ ఇంజినీర్లు ట్రైనింగ్ అనేది దీన్నే. అయినా తప్పు దొర్లితే పట్టుకుని మళ్లీ పంపించుకునే ఏర్పాటు కూడా జీడీడీఆర్5లోనే వచ్చింది. ఆటల కోసం మెమరీ క్లాక్ పెంచుకుంటూ పోయే కుర్రాళ్లకు ఒక దశ దాటాక కార్డు ఆగిపోకుండానే ఫ్రేములు తగ్గడానికి కారణం ఇదే. నాకు ఇంత అందమైన ఇంజినీరింగ్ మరోచోట కనిపించలేదు.

క్లాక్‌తో ఈ కుస్తీ ఎందుకు, తీగలు పెంచితే పోలేదా అనే వాదన ఉంది. అందులో బలం లేకపోలేదు. 2015లో ఫ్యూరీ ఎక్స్ కార్డు, చిప్పులను ఒకదాని మీద ఒకటి పేర్చే హెచ్‌బీఎం మెమరీతో 4096 డేటా తీగలు వేసి, ఒక్కోదాని మీద 1 గిగాబిట్ చొప్పున, సెకనుకు 512 గిగాబైట్లు సాధించింది. కానీ ఆ దారిన వెళ్లినవాళ్లూ చివరికి ఇక్కడికే వచ్చారు. హెచ్‌బీఎం3 ఒక్కో తీగను 6.4 గిగాబిట్లకు లాగింది, అందుకోసం ఆదేశాలకు 1.6 గిగాహెర్ట్జ్, డేటాకు 3.2 అని క్లాకులను విడదీసింది. 2019 నాటి ఎల్‌పీడీడీఆర్5 ఫోన్ మెమరీ కూడా అదే పని చేసింది. తీగలు ఎన్ని వేసినా క్లాక్ చాకిరీ తప్పదు.

ఇక మన సంగతి. కాకినాడ, భీమవరం, అమలాపురం, రాజమహేంద్రవరం చుట్టూ ఇంజినీరింగ్ కాలేజీలకు కొదవ లేదు. కొత్త సీట్లన్నీ ఏఐ, డేటా సైన్స్ పేర్లతోనే. ఎలక్ట్రానిక్స్‌లో చేరిన పిల్లకు కూడా రెండో ఏడాది నుంచే సాఫ్ట్‌వేర్ కోచింగ్ తప్పడం లేదు. తయారైన మోడల్‌ను పిలిచి వాడుకోవడం నాలుగు వారాల్లో నేర్చుకోవచ్చు. క్లాక్ వణుకును కొలిచి తగ్గించడం నేర్వాలంటే ఏళ్లు పడుతుంది, అందుకే దానికి గిరాకీ. ప్రాసెసర్ల కంపెనీ ఏఎండీ, మెమరీ కంపెనీ మైక్రాన్‌ల డిజైన్ కేంద్రాలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. డెల్టా నుంచి రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి అక్కడుంటాం. అలాంటి చోట పనికొచ్చే చదువును మన కాలేజీలు చేజేతులా వదులుకుంటున్నాయి. డేటా సెంటర్‌కు భూమి, నీరు, కరెంటు ఇచ్చి, లోపలి విద్య మాత్రం పైవాళ్లకు వదిలేసే బేరాన్ని నేను ఒప్పుకోను.

ఖర్చు సాకు చెల్లదు. క్లాక్‌ను పుట్టించే పీఎల్‌ఎల్ సర్క్యూట్‌ను ఎన్‌జీస్పైస్ అనే సిమ్యులేటర్ మీద ఉచితంగా నడిపి చూడొచ్చు. డీడీఆర్3 మెమరీ ఉన్న ఎఫ్‌పీజీఏ బోర్డులు (లోపలి సర్క్యూట్‌ను మనమే మార్చి రాసుకోగల చిప్‌లున్నవి) ల్యాబ్‌కు నాలుగు కొంటే, పిల్లలే కంట్రోలర్ రాసి, ఆలస్యాన్ని మెట్టు మెట్టుగా జరిపి, ఎక్కడ తప్పులు మొదలవుతున్నాయో పట్టిక వేయగలరు. మూడో ఏడాదిలో ఒక సెమిస్టర్ ఇందుకు కేటాయించాలి. స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీల్లో బోర్డ్ ఆఫ్ స్టడీస్, అకడమిక్ కౌన్సిల్ తలూపితే వచ్చే విద్యాసంవత్సరంలోనే మొదలుపెట్టవచ్చు.