కోర్టు మీద కూల్‌డ్రింక్ పోయడం తొండే

బాస్కెట్‌బాల్ కోచ్ జేసన్ కిడ్ మ్యాచ్ మధ్యలో కోర్టు మీద కూల్‌డ్రింక్ ఒలకబోసిన క్లిప్ మళ్ళీ తిరుగుతోంది. కింద కామెంట్లన్నీ "ఏం బుర్రరా బాబూ!" అనే. నాకు మాత్రం అది చూసిన ప్రతిసారీ ఒళ్ళు మండుతుంది.

2013 నవంబర్ 27, అమెరికా ప్రొఫెషనల్ లీగ్ NBAలో, బ్రూక్లిన్‌లో నెట్స్, లేకర్స్ మ్యాచ్. ఇంకా 8.3 సెకన్లు. వెనకబడ్డ నెట్స్‌కి ఒక్క టైమౌట్ (ఆట ఆపి మాట్లాడుకునే విరామం) కూడా మిగల్లేదు. నెట్స్ కోచ్ కిడ్ చేతిలో గ్లాసు. తన ఆటగాడు టైషాన్ టేలర్ దగ్గరికొస్తుంటే "నన్ను గుద్దు" అన్నట్టు కిడ్ పెదాలు కదిలాయి. భుజం తగిలింది, గ్లాసు ఒలికింది, కోర్టంతా తడి. తుడవడానికి ఆట ఆగింది, అంటే ఊరికే ఒక టైమౌట్ దొరికినట్టే. ఆలోగా అసిస్టెంట్ కోచ్ బోర్డు మీద తర్వాతి ఎత్తు గీసేశాడు. అంత చేసినా నెట్స్ ఆటగాడు పాల్ పియర్స్ మూడు పాయింట్ల షాట్ పడలేదు, 99-94తో ఓడిపోయారు. చెమట చేతుల్లోంచి గ్లాసు జారిందన్నాడు కిడ్. లీగ్ 50,000 డాలర్ల జరిమానా వేసింది.

రూల్‌ని వాడుకోవడం నాకు తప్పు కాదు. 1976 ఫైనల్స్ ఐదో మ్యాచ్ చూడండి, బోస్టన్ గార్డెన్‌లో. రెండో ఓవర్‌టైమ్‌లో (స్కోరు సమమైతే ఆడే అదనపు సమయం) ఒక్క సెకను ఉంది, సెల్టిక్స్ మీద సన్స్ 111-110తో వెనక ఉంది, బంతి కోర్టు ఆ చివర నుంచి వేయాలి. సన్స్ ఆటగాడు పాల్ వెస్ట్‌ఫాల్ లేని టైమౌట్ అడిగాడు. శిక్ష టెక్నికల్ ఫౌల్, అంటే అవతలి జట్టుకి ఒక ఫ్రీ త్రో అని తెలిసే అడిగాడు. సెల్టిక్స్ ఆటగాడు జోజో వైట్ ఫ్రీ త్రో వేశాడు, 112-110. కానీ టైమౌట్ తర్వాత కాబట్టి సన్స్ బంతి వేసే చోటు హాఫ్ కోర్టుకి (కోర్టు మధ్యకి) వచ్చింది! అక్కడినుంచి అందుకుని సన్స్ ఆటగాడు గార్ హర్డ్ ఆకాశానికెత్తి వేసిన షాట్ నేరుగా పడింది, స్కోరు సమం. మూడో ఓవర్‌టైమ్‌లో సెల్టిక్స్ 128-126తో గెలిచింది, అది వేరే సంగతి. వెస్ట్‌ఫాల్ రిఫరీ ఎదుటే అడిగాడు, అందరూ చూస్తుండగా ఒక పాయింటు ఇచ్చుకున్నాడు. తర్వాత లీగ్ ఆ సందు మూసేసింది. అదీ పద్ధతి.

కిడ్ ఏం ఇచ్చుకున్నాడు? ఆ రాత్రి ఒక్క పాయింటూ పోలేదు. 2007 డిసెంబర్‌లో అట్లాంటాలో స్కోరర్లు పొరపాటున ఒక ఫౌల్ ఎక్కువ లెక్కేసి, ఆరు నిండాయని అవతలి జట్టు ఆటగాడు షకీల్ ఓనీల్‌ని బయటికి పంపితే, లీగ్ చివరి 51.9 సెకన్లు మళ్ళీ ఆడించింది, అట్లాంటా జట్టు హాక్స్‌కి 50,000 డాలర్ల జరిమానా వేసింది. లెక్క తప్పినందుకూ అంతే, కావాలని చేసినందుకూ అంతేనా?

ఇంకో మాట. తడి కోర్టు అంటే ఏంటో నాకు తెలుసు. కాలేజీలో ఇండోర్ కోర్టు మీద ఎవరో వదిలేసిన నీళ్ళ మీద కాలేసి మోకాలు మెలితిరిగింది. రెండు నెలలు మెట్లెక్కలేకపోయాను. పదిమంది ప్రాణం పెట్టి పరిగెత్తే నేల మీద ఒక కోచ్, అందులోనూ అంత గొప్ప పాయింట్ గార్డ్‌గా (జట్టు ఆటని నడిపే ఆటగాడిగా) ఆడినవాడు, కావాలని డ్రింక్ పోస్తే దాన్ని తెలివి అంటే నేనొప్పుకోను.

ఇప్పుడు లేని టైమౌట్ అడిగితే టెక్నికల్‌తో పాటు బంతి కూడా పోతుంది. ఆట ఆపడానికి నేల తడిపినా అదే శిక్ష అక్కడికక్కడే పడాలి. జరిమానా కోచ్ జేబులోంచి పోతుందిలే అనుకోవచ్చు, కానీ అందులోకి లాగింది టేలర్‌ని. అప్పటికి లీగ్‌లో రెండో ఏడాది కుర్రాడు. కోచ్ గుద్దమంటే కాదంటాడా?