సవరణ: జేడ్ సికాడాలన్నీ సమాధుల కోసం చేసినవి కావు

చైనా పాత జేడ్ (నగలకు, చెక్కడాలకు వాడే ఒక విలువైన గట్టి రాయి) చెక్కడాల గురించి మొన్న పెట్టిన పోస్టులో, సికాడా (ఎండాకాలంలో చెట్ల మీద చెవులు గింగురుమనేలా అరిచే పురుగు) ఆకారంలో ఉన్నవన్నీ చనిపోయినవారి నోట్లో పెట్టినవే అని రాశాను. అది తప్పు. మ్యూజియం కేటలాగులు, తవ్వకాల నివేదికలు చూశాక సరిచేస్తున్నాను.

హాన్ వంశ కాలంలో (క్రీ.పూ. 206 – క్రీ.శ. 220) శవం నాలుక మీద జేడ్ సికాడా ఉంచే ఆచారం నిజమే. ఆ పురుగు ఏళ్ల తరబడి మట్టిలో ఉండి, పైకొచ్చి, పొట్టు విడిచి ఎగిరిపోతుంది. పోయినవారికీ అలా మరో పుట్టుక దొరకాలని ఆశ. కానీ బతికున్నవాళ్లూ సికాడాలు ధరించారు. తాడు దూర్చే రంధ్రం ఉంటే అది మామూలుగా ఒంటి మీద వేలాడదీసుకున్న నగే. నోట్లో పెట్టినవాటికి సాధారణంగా రంధ్రం ఉండదు. పలచగా, నాలుకలా ఉంటాయి. కళ్లు, రెక్కలు కొద్దిపాటి పదునైన గీతల్లోనే స్పష్టంగా కనిపిస్తాయి. ఎంత చేయి తిరిగిన పనివాళ్లో! హాన్ ఆస్థానంలో కొందరు అధికారుల టోపీలకూ సికాడా నగ ఉండేది. మంచు బిందువులు తాగి బతికే స్వచ్ఛమైన జీవి అని దానికి పేరు.

సికాడా లాకెట్టు ఇంట్లో ఉంటే అపశకునమా అని అడిగినవారు టెన్షన్ పడక్కర్లేదు.