రెండు రూపాయల వడ్డీ

మన ఊళ్లలో వడ్డీని ఏడాది శాతాల్లో చెప్పుకోరు, నెలకు నూటికి ఎన్ని రూపాయలో చెప్పుకుంటారు. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం. రెండు రూపాయలంటే 24. రెండు రూపాయలకు ప్రోనోటు రాయాల్సి వస్తే రైతు ఇంట్లో ఒకటికి రెండుసార్లు మాట్లాడుకుని గానీ సంతకం పెట్టడు. మూడు రూపాయలకు ఇచ్చేవాడి గడప తొక్కాడని తెలిస్తే ఊరంతా చెవులు కొరుక్కుంటుంది. అలాంటి ఇళ్లలో పుట్టి పెరిగిన మనమే అమెరికా వచ్చాక రెండు రూపాయల వడ్డీని జేబులో పెట్టుకుని తిరుగుతున్నాం. క్రెడిట్ కార్డు స్టేట్‌మెంటులో 22.99 అనో 24.99 అనో కనిపించే అంకె అదే. పక్కనే విమానం టికెట్ల పాయింట్లు కూడా వేస్తారు కాబట్టి అది అప్పుగా కంటికి ఆనదు.

మన కుటుంబాల అప్పులకు రెండు ఖాతాలు ఉంటాయి. ఇక్కడ కారు, కార్డులు, ఇల్లు. అక్కడ చదువుకు తెచ్చిన బ్యాంకు రుణం, చెల్లెలి పెళ్లికి చేసినది, వెంచరులో ప్లాటుకు కట్టాల్సిన వాయిదాలు, బాబాయి దగ్గర తెచ్చిన చేబదులు. ఈ రెండు ఖాతాలనూ ఒకే కాగితం మీద రాసి కూడిన ఇల్లు అరుదు. డాలరు ఖాతా ఒకరి ఫోనులో ఉంటుంది, రూపాయి ఖాతా ఊళ్లో నాన్నగారి డైరీలో ఉంటుంది. భార్య పుట్టింటికి ఎంత పంపుతోందో భర్త అడగడు, భర్త తన తమ్ముడికి ఎంత సర్దాడో భార్య అడగదు. అడిగితే అనుమానించినట్టు ఉంటుందని మర్యాద. సంపాదన బాగానే ఉన్న ఇళ్లు కూడా అప్పులోంచి తేలకపోవడానికి జీతం చాలకపోవడం కంటే ఈ మర్యాదే పెద్ద కారణమని నా నమ్మకం.

లెక్క కలపకపోతే ఏమవుతుందో చూద్దాం. ఒక ఇంటికి ఊళ్లో 40 లక్షల చదువు అప్పు, 11 శాతం వడ్డీ, పదేళ్ల గడువు. నెల వాయిదా సుమారు 55 వేలు. ఇక్కడ కార్డు మీద 10 వేల డాలర్ల బాకీ, 24 శాతం. నెలాఖరుకు చేతిలో ఇంకో 500 డాలర్లు మిగులుతాయి. అవి ఎక్కడికి వెళ్లాలి? నేను చూసినంతలో తొంభై పాళ్లు ఊరికే వెళతాయి. ఇంటి కాగితాలు బ్యాంకులో ఉన్నాయి, నాన్నగారు శాఖకు వెళితే మేనేజరు పేరు పెట్టి పలకరిస్తాడు, బంధువులకు సంగతి తెలుసు. కార్డు కంపెనీకి మొహం లేదు. కనీస చెల్లింపు కట్టేస్తే అది పల్లెత్తు మాట అనదు. ఎందుకంటుంది? 10 వేల మీద నెలకు 200 డాలర్లు వడ్డీ కిందే జమ చేసుకుంటోంది కదా.

కార్డుకు అదనంగా వెయ్యి డాలర్లు కడితే ఏడాదికి 240 డాలర్ల వడ్డీ తప్పుతుంది. అదే వెయ్యి ఊరికి పంపితే తప్పేది 110. పైగా రూపాయి సంగతి ఒకటుంది. 2011లో డాలరు 45 రూపాయల దరిదాపుల్లో ఉండేది, 2025 డిసెంబరులో 90 దాటింది. డాలర్లలో సంపాదించేవాడికి రూపాయి అప్పు ఏళ్లు గడిచేకొద్దీ తేలికవుతూనే వచ్చింది. కార్డు బాకీకి ఆ వెసులుబాటు లేదు. కాబట్టి ఊరి వాయిదా ఒక్క నెల కూడా తప్పకుండా కట్టండి. తప్పితే సహ రుణగ్రహీతగా సంతకం పెట్టిన నాన్నగారి రికార్డు చెడుతుంది, తాకట్టులో ఉన్నది ఆయన ఇల్లు. ఆ పైన మిగిలిన ప్రతి డాలరూ కార్డుకే వెళ్లాలి. కార్డు తీరిన రోజు నుంచి ఆ మొత్తమంతా ఊరికి మళ్లించవచ్చు.

అమెరికాలో 2009లో వచ్చిన కార్డుల చట్టం పుణ్యాన ప్రతి స్టేట్‌మెంటులోనూ చిన్న పట్టిక ఒకటి ఉంటుంది. కనీస మొత్తమే కడుతూ పోతే ఎన్నేళ్లు పడుతుందో, 36 నెలల్లో తీర్చాలంటే నెలకు ఎంత కట్టాలో అందులో రాసి ఉంటుంది. పై ఉదాహరణలో ఆ రెండో అంకె సుమారు 392 డాలర్లు. ఆ కాగితాన్ని ఫ్రిజ్ మీద అతికించండి, పిల్లలు చూసినా ఫరవాలేదు.

వడ్డీ తగ్గించుకునే దారులు కూడా ఉన్నాయి. ఫెడరల్ క్రెడిట్ యూనియన్లు, అంటే సభ్యులే యజమానులుగా నడిచే సహకార బ్యాంకుల్లాంటివి, 18 శాతానికి మించి వసూలు చేయడానికి ప్రస్తుతం వీల్లేదు, అంటే మహా అయితే రూపాయిన్నర వడ్డీ. కొన్ని కార్డులు పాత బాకీని తమ మీదికి మార్చుకుంటే ఏడాది, ఏడాదిన్నర వడ్డీ వేయవు. మార్చినందుకు 3 నుంచి 5 శాతం రుసుము తీసుకుంటాయి. ఖాళీ అయిన పాత కార్డుతో మళ్లీ కొనుగోళ్లు మొదలుపెట్టే ఇంటికి మాత్రం ఈ దారి చూపించకపోవడమే మేలు. ఊళ్లో ఎన్నారై ఖాతాలో 7 శాతానికి డిపాజిట్ వేసి, ఇక్కడ 24 శాతానికి బాకీ మోసేవాళ్లున్నారు. ఏడాది నిండకుండా తీస్తే ఆ డిపాజిట్‌కు వడ్డీ రాదు, నిజమే. అయినా తీసి కట్టేయడమే లాభం.

నేను కార్డు కంటే ముందు పెట్టేది ఒక్కటే. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికో, దేశం విడిచి వెళ్లడానికో దొరికేది గరిష్ఠంగా 60 రోజుల గడువు. రెండు నెలల ఖర్చులు, ఇంటిల్లిపాదికీ తిరుగు టికెట్లు, అద్దె ఒప్పందం మధ్యలో రద్దు చేస్తే కట్టాల్సింది, ఇంత సొమ్ము పొదుపు ఖాతాలో కదలకుండా ఉండాలి. తిరిగి వెళ్లాల్సి వస్తే తేలికవుతోందనుకున్న రూపాయి అప్పే రూపాయి జీతం మీద పూర్తి బరువుతో కూర్చుంటుంది. పదవీ విరమణ నిధి 401(కె) నుంచి అప్పు తీసి కార్డు తీర్చమని సలహా ఇచ్చేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు. ఉద్యోగం పోయాక ఆ అప్పును మరుసటి ఏడాది పన్ను దాఖలు గడువులోగా కట్టకపోతే దాన్ని ఆదాయంగా లెక్కగడతారు, యాభై తొమ్మిదిన్నర ఏళ్లలోపు వారైతే సాధారణంగా మరో 10 శాతం జరిమానా. ఆ నిధిలో యజమాని తన వాటాగా వేసే సొమ్మును మాత్రం ఎంత అప్పున్నా వదులుకోకండి.

ఇక ప్లాట్లు. కార్డు బాకీ అలాగే ఉంచి, ఇక్కడ 14 శాతానికి వ్యక్తిగత రుణం తీసి శంకర్‌పల్లి వైపో, షాద్‌నగర్ వైపో, భోగాపురం వైపో వెంచరులో ప్లాటు కొనడాన్ని మనవాళ్లు పెట్టుబడి అంటారు. అద్దె రాదు, పంట రాదు, రాళ్లు పాతిన హద్దులు ఉన్నాయో లేదో చూడటానికి మళ్లీ బావమరిదిని పంపాలి. భూమి ధర తగ్గదంటారు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వినబడ్డాక అమరావతిలో అప్పటికే ప్లాట్లు కొన్నవాళ్లు ఎన్నేళ్లు దిగులుపడ్డారో మన మధ్యే చాలామందికి తెలుసు. ధరలు తర్వాత లేచి ఉండవచ్చు, మధ్యలో కట్టిన వడ్డీని ఎవరూ ఆ లాభంలోంచి తీసేసి చెప్పరు.

ఈ విషయంలో ఇక్కడి మన తెలుగు సంఘాలకూ వాటా ఉంది. మహాసభల్లో వెంచర్ల స్టాళ్లు వరుసగా ఉంటాయి, అప్పుల్లో ఉన్నవాడు నోరు విప్పి సలహా అడగడానికి ఒక్క బల్ల ఉండదు. ఓణీల వేడుకకు హోటల్లో హాలు మాట్లాడుకున్న ఇంటి ఫొటోలు మన పత్రికలోనే రంగుల్లో వేసుకుంటాం, ఆ పక్కింటివాళ్లు వచ్చే ఏడాది అంతకంటే పెద్ద హాలు వెతుక్కుంటారు. లాభాపేక్ష లేని రుణ సలహాదారులు ఈ దేశంలో చాలాకాలంగా ఉన్నారు, నేషనల్ ఫౌండేషన్ ఫర్ క్రెడిట్ కౌన్సెలింగ్ 1951 నుంచి పనిచేస్తోంది. దాని సభ్య సంస్థలు కార్డు కంపెనీలతో మాట్లాడి వడ్డీ తగ్గించి, మూడు నుంచి అయిదేళ్లలో తీరేలా వాయిదాలు కట్టిస్తాయి. అలాంటి సలహాదారును ఏడాదికి ఒక్కసారైనా పిలవడం కార్యవర్గానికి కష్టమైన పనేమీ కాదు. కట్టడం ఆపేయండి, సగానికి సెటిల్ చేస్తామని ఫోను చేసే కంపెనీలు వేరు. సెటిల్ చేయకముందే రుసుము అడగడం 2010 నుంచి నిబంధనలకు విరుద్ధం. మాఫీ అయిన మొత్తాన్ని చాలాసార్లు ఆదాయంగా చూపి పన్ను కట్టాల్సి వస్తుంది కూడా.

వడ్డీ ఎక్కువున్నది ముందు అనే వరుసలో చేబదులు ఒక్కటీ సరిగా ఇమడదు. వీసాకు బ్యాంకులో నిల్వ చూపించాల్సి వచ్చినప్పుడో, మొదటి సెమిస్టరు ఫీజుకు తక్కువైనప్పుడో బావ 3 లక్షలు సర్దాడు. నోటు లేదు, వడ్డీ మాట లేదు. కాగితం మీద సున్నా శాతం కాబట్టి అట్టడుగున పడుతుంది. అక్కడ రాసే ముందు ఆ డబ్బు తను ఎక్కడి నుంచి తెచ్చి ఇచ్చాడో బావను అడగండి. అక్క గాజులు కుదువబెట్టి తెచ్చి ఉంటే, అప్పటి నుంచి దాని వడ్డీ అతనే కడుతూ ఉంటే, ఆ రేటు ఎంతో తెలుసుకుని కాగితం మీద దాని చోట దాన్ని రాయాలి. బావ నవ్వేసి ఏమీ లేదంటే అక్కకు ఫోను చేయండి. ఆవిడ రసీదు తీసి చదివి వినిపిస్తుంది.