చెట్టుకు గుండె లేదు, దాని అవసరమూ లేదు

వాట్సాప్‌లో తరచూ తిరిగే ఒక సందేశం ఇలా చెబుతుంది: చెట్టుకూ మనలాగే గుండె ఉంది, కాండంలోని జీవకణాలు కొట్టుకుంటూ నీటిని చిటారుకొమ్మకు తోస్తాయి, జగదీశ్ చంద్ర బోస్ దీన్ని 1923లోనే నిరూపిస్తే పాశ్చాత్యులు తొక్కిపెట్టారు, తాటిగెల కోస్తే కల్లు కారడమే ఇందుకు సాక్ష్యం.

బోస్ 1923లో ఈ అంశంపై గ్రంథం రాసిన మాట, కాండంలోని ఒక పొర కణాల స్పందనే నీటిని నడిపిస్తుందని వాదించిన మాట నిజమే. అయితే ఆ గ్రంథం అచ్చయింది లండన్‌లోనే. అప్పటికి మూడేళ్ల ముందే బ్రిటన్‌లోని ప్రముఖ శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీ ఆయనను సభ్యుడిగా ఎన్నుకుంది. తొక్కిపెట్టడం అంటే ఇది కాదు. ఆయన వాదం నిలవకపోవడానికి కారణం ప్రయోగాలే.

కాండంలో నీరు ఎక్కే కణజాలమైన దారువు (జైలం) నాళాలు పూర్తిగా ఎదిగేసరికి నిర్జీవమై, లోపల ఏమీ లేని గొట్టాలుగా మిగులుతాయి. వాటి చుట్టూ ఉన్న జీవకణాలు తోస్తున్నాయేమోనన్న సందేహాన్ని జర్మనీకి చెందిన వృక్షశాస్త్రవేత్త స్ట్రాస్‌బర్గర్ 1890ల తొలినాళ్లలోనే పరీక్షించాడు. సుమారు 20 మీటర్ల చెట్టును మొదలు నరికి, కణాలను చంపే విషద్రావణంలో నిలబెడితే, దారిలోని కణాలన్నీ చచ్చినా ద్రావణం ఆకుల దాకా ఎక్కింది. వేళ్లూ లేవు, కొట్టుకునే కణాలూ లేవు.

ఇంకొక సంగతి ఎవరైనా చూడవచ్చు. కింది నుంచి తోపు ఉన్నట్టయితే, మిట్టమధ్యాహ్నం వేపకొమ్మ నరికినప్పుడు పగిలిన పైపులోంచి చిమ్మినట్టు నీరు చిమ్మాలి. చుక్క కూడా రాదు. పైగా తెగిన చోట నీరు నాళాల్లోకి వెనక్కి జరుగుతుంది. పగటిపూట మాను చుట్టుకొలత వెంట్రుకవాసి తగ్గుతుందని కూడా కొలతలు చెబుతున్నాయి. తోస్తే ఉబ్బాలి, లాగితేనే కుంచించుకుంటుంది.

లాగేది ఆకు. పత్రరంధ్రాల గుండా ఆవిరి పోయేకొద్దీ ఆకు కణాల గోడల్లోని అతిసూక్ష్మ రంధ్రాలలో నీటి ఉపరితలం లోపలికి వంగి వెనకనున్న నీటిని లాగుతుంది. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉండటం వల్ల ఆ లాగుడు తెగని తాడులా వేరు దాకా పాకుతుందని ఐర్లండ్ శాస్త్రవేత్తలు డిక్సన్, జోలీ 1894లో ప్రతిపాదించారు. గట్టుమీది మోటారు ఎనిమిది మీటర్ల లోతు దాటితే నీళ్లందుకోలేదని తెలిసిన రైతుకు ఇక్కడ అనుమానం రావడం సహజం, అది మంచి అనుమానమే. మోటారు పైపులో నీటిని ఎత్తేది గాలి ఒత్తిడి, దాని హద్దు 10.3 మీటర్లు. బుడగకు చోటివ్వని సన్నని నాళాల్లో నీరు సాగదీతకు తట్టుకుంటుంది కాబట్టి ఆ హద్దు చెట్టుకు వర్తించదు. కాలిఫోర్నియాలో 115 మీటర్లు దాటిన రెడ్‌వుడ్ చెట్టు కొనకూ నీరు అందుతోంది.

ఇక కల్లు. అది దారువులో ఎక్కే నీరు కాదు, ఆకుల్లో తయారైన చక్కెరను మోసే పోషక కణజాలపు (ఫ్లోయం) రసం. దారే వేరు, పద్ధతే వేరు.

వేళ్లు అసలు తోయవని కాదు. తెల్లవారుజామున వరి ఆకు కొసన వరుసగా నిలిచే బొట్లలో చాలావరకు మంచు కాదు, వేరు పీడనం వెలికి నెట్టిన నీరు. కానీ అది పత్రరంధ్రాలు మూసుకున్న రాత్రివేళ పని. ఎండ ముదిరి మొక్కకు నీరు ఎక్కువగా కావలసిన వేళకు ఆ పీడనం దాదాపు కనిపించకుండా పోతుంది.