ఒక్కొక్కరికీ ఒక్క నిమిషం

ఆ ఆదివారం మా ఇంట్లో దేవుడికి గంట లేకుండానే హారతి అయిపోయింది. గంట నా బ్యాగులో ఉంది. "ఏమండీ, పూజ గంట చూశారా?" అని మా ఆవిడ ఫోన్ చేసేసరికి నేను లిఫ్టులో ఉన్నాను. లిఫ్టులో మాట సరిగ్గా వినపడదు. ఆ రోజు నాకు కలిసొచ్చింది అదొక్కటే.

గంట ఎందుకో చెప్పాలంటే ముందు మా క్లబ్బు సంగతి చెప్పాలి. విశాఖపట్నంలో ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకుని, ఉద్యోగాల కోసం హైదరాబాద్ వచ్చి, ఇక్కడే ఇళ్ళు కొనుక్కుని, సాయంత్రమైతే "అక్కడైతే ఈపాటికి బీచ్‌లో ఉండేవాళ్ళం" అని నిట్టూర్చేవాళ్ళం కొంతమందిమి కలిసి పెట్టుకున్న క్లబ్బు. రెండు నెలలకోసారి ఏదో ఒక అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో కలుస్తాం. మొదటి సగం విజ్ఞాన కార్యక్రమం, రెండో సగం భోజనాలు. చాలామంది ఈ రెండింటికీ సరిగ్గా మధ్యలో, పోపు వాసన గేటు దాకా వచ్చాక వస్తారు. మోకాళ్ళ నొప్పుల మీద ఒక డాక్టరు గారు మాట్లాడిన రోజు మాత్రం అందరూ టైముకి వచ్చేశారు. కుర్చీలు చాలక సగం మంది గంటన్నర సేపు నిలబడే మోకాళ్ళ గురించి విన్నారు.

ఈ క్లబ్బుకి నేను జాయింట్ సెక్రటరీని. అంటే కుర్చీలు లెక్కపెట్టేవాణ్ణి.

యూనివర్సిటీ పుట్టింది 1926 ఏప్రిల్ 26న. నూరేళ్ళ పండగ కదా, చదివిన చోటు చరిత్ర ఒక్కసారైనా విందామని మా అధ్యక్షుడు గారికి అనిపించింది. తనకు తెలిసిన ఒక రిటైర్డ్ చరిత్ర లెక్చరర్ గారిని ఒప్పించారు. ఆయనా అక్కడే చదివారు, మాకన్నా చాలా ముందు. మా సభ్యుల్లో ఇంజినీర్లు, కెమిస్ట్రీ వాళ్ళు, లా చదివి బ్యాంకుల్లో చేరినవాళ్ళు దండిగా ఉన్నారు గానీ, చరిత్ర చదివినవాళ్ళు ఒక్కరూ లేరు. కాబట్టి ఆ మాస్టారి మొహం అధ్యక్షుడు గారికి తప్ప ఇంకెవరికీ తెలీదు. నాకు తెలిసిందల్లా ఫోన్లో ఆయన గొంతు, వాట్సాప్‌లో ఆయన డీపీ. డీపీలో వేంకటేశ్వరస్వామి ఉన్నాడు.

"కారు పంపిస్తాం మాస్టారూ" అన్నాను. "ఎందుకు బాబూ, ఆటోలో వచ్చేస్తాను" అన్నారు. మర్యాద తెలిసినవాడు అక్కడ రెండోసారి కూడా అడుగుతాడు. నేను అడగలేదు. ఇక సభ రోజు పొద్దున్నే అధ్యక్షుడు గారి ఫోను: "వియ్యాలవారు చెప్పాపెట్టకుండా దిగారయ్యా, నువ్వే నడిపించెయ్."

ఇలాంటప్పుడు మనిషి ఉన్న కార్యక్రమం నడిపిస్తే సరిపోతుంది. నేను కొత్తది కలిపాను. అతిథి వచ్చేలోపు అందరూ లేచి తమను తాము పరిచయం చేసుకుంటే బాగుంటుందని నాకు తోచింది. ఒక్కొక్కరికీ ఒక్క నిమిషం. 46 మంది, 46 నిమిషాలు. పదిన్నరకి మొదలుపెడితే పదకొండుంబావుకి ప్రసంగం, పన్నెండున్నరకి భోజనం. గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు లెక్కలు చదివిన యూనివర్సిటీలోనే నేనూ లెక్కలు చదివాను. కూడికలో తప్పు లేదు. ఫోన్లో టైమర్ మోగినా ఎవరూ పట్టించుకోరు కాబట్టి, గణగణమనే ఇత్తడి గంట తెచ్చాను.

మొదట లేచినాయన 1972 బ్యాచ్. "నేను వాల్తేరు స్టేషన్లో దిగిన రోజు వాన..." అని ఎత్తుకున్నారు. నిమిషం అయ్యేసరికి ఆయన రేకు ట్రంకు పెట్టె ఇంకా కూలీ నెత్తి మీదకి ఎక్కలేదు. నేను గంట కొట్టాను. ఆయన చప్పున కళ్ళు మూసుకుని రెండు చేతులూ జోడించారు. ముందు వరసలో ఇద్దరు ఆడవాళ్ళు లెంపలు వేసుకున్నారు. వెనకెవరో చెప్పులు విడిచారు. ఒక క్షణం హాలంతా భక్తితో నిండిపోయింది. తర్వాత ఆయన కళ్ళు తెరిచి, మరింత ప్రశాంతంగా, "ఆ కూలీ ఏమన్నాడంటే..." అని కొనసాగించారు.

నా వ్యవస్థ అంతటితో కూలింది. ఆ తర్వాత గంట మోగిన ప్రతిసారీ మాట్లాడేవాళ్ళు దణ్ణం పెట్టుకుని ముందుకు సాగారు.

కెమిస్ట్రీ మేడమ్ గారు తన పరిచయం ముప్పై సెకన్లలో ముగించారు. నేను మెచ్చుకునేలోపే పక్కనున్న భర్తని, డాలస్‌లో కొడుకుని, కోడల్ని పరిచయం చేసి, చిన్నమ్మాయికి సంబంధం చూస్తున్నామన్నారు. అబ్బాయి వైజాగ్‌లో ఉంటే మంచిది, బే ఏరియా అయినా ఫర్వాలేదు, అక్కడా సముద్రం ఉంది కదా అన్నారు. తర్వాతి ఆయన పేరు చెప్పడం మానేసి భోగాపురం ప్లాట్ల బ్రోచర్లు పంచారు. పేరు బ్రోచర్ మీద ఉందట. 46 మందిలో ముప్పై మందైనా తమ పరిచయంలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కారు. ఒకాయన అందులో సైడ్ బెర్త్ దగ్గర కాబోయే భార్యని చూశారు. అక్కడ బండి చాలాసేపు ఆగింది.

ఒకప్పటి రూమ్మేట్లు ఇద్దరున్నారు. మొదటివాడు తన నిమిషంలో, 1988లో మెస్ బిల్లు కట్టడానికి వీడికి 37 రూపాయలు అప్పిచ్చానని సరదాగానే అన్నాడు. రెండోవాడు తన వంతు రాకుండానే లేచిపోయాడు. పాతికేళ్ళుగా హైదరాబాద్‌లో బ్యాంకు భాష మాట్లాడుతున్న మనిషి, ఒక్క దెబ్బతో శ్రీకాకుళం వెళ్ళిపోయాడు. "ఏటిరా నువ్వు! నానెప్పుడో ఇచ్చేసినాను గదా! మద్దిలపాలెం టీ కొట్టు కాడ ఇచ్చినాను, గేపకం లేదేటి?" సాక్షిగా మూడో రూమ్మేట్‌కి ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టారు. ఆయన అమెరికాలో నిద్ర కళ్ళతో, "నాకివ్వాల్సింది ఎవరిస్తార్రా?" అన్నాడు.

ఒక కుర్రాడు లేచాడు. 2014లో హాస్టల్లో ఉన్నాడట. అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్ళాక బయటికొచ్చి చూస్తే, రోజూ కింద కూర్చుని చదువుకున్న చెట్టు పడిపోయి ఉందని, ఎటు చూసినా ఎప్పుడూ లేనంత ఆకాశం కనిపించిందని చెప్పి కూర్చున్నాడు. అతను మాట్లాడింది నిమిషం లోపే. ఎక్కువ మాట్లాడినా నేను గంట కొట్టేవాణ్ణి కాదు.

ఇంత జరుగుతున్నా అతిథి జాడ లేదు. పదకొండు సార్లు ఫోన్ చేశాను. మోగుతోంది, ఎత్తరు. గుమ్మం పక్కన చివరి కుర్చీలో భుజానికి గుడ్డ సంచీ తగిలించుకున్న పెద్దాయన ఒకరు కూర్చుని ఉన్నారు. సభ్యుల్లో ఎవరి నాన్నగారో అనుకున్నాను. దగ్గరకెళ్ళి, "మాస్టారూ, మీరు గుమ్మం దగ్గరే ఉన్నారు కదా, ఎవరైనా పెద్దాయన ఆటో దిగితే కాస్త నాకు చెప్తారా?" అని అడిగాను. "తప్పకుండా బాబూ" అన్నారు. ఆయన ఆ పని ఎంత శ్రద్ధగా చేశారంటే, ఆటో చప్పుడైనప్పుడల్లా లేచి వెళ్ళి చూసి వచ్చి, లేదన్నట్టు నాకేసి తల అడ్డంగా ఊపేవారు. మధ్యలో ఒకసారి నీళ్ళ సీసాల డబ్బా జరపడంలో కూడా సాయం పట్టారు. వద్దనాల్సింది. అనలేదు.

ఒంటిగంటకి వంటాయన వచ్చి నా చెవిలో, "సార్, పెసరట్లు వేసెయ్యనా? ఉప్మా గట్టిపడిపోతోంది" అన్నాడు. ఈ పెసరట్టు ఉప్మా వెనక మా వాట్సాప్ గ్రూపులో మూడు రోజుల యుద్ధం ఉంది. మధ్యాహ్నం భోజనంలో టిఫిన్ ఏమిటని ఒక వర్గం, పెసరట్టు టిఫిన్ కాదు సంస్కృతి అని ఒక వర్గం. ఇద్దరు గ్రూపు వదిలి వెళ్ళిపోయారు. వాళ్ళలో ఒకాయన తిరిగొచ్చి, మళ్ళీ వెళ్ళిపోయారు. వంటాయన వెనకాలే అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ వచ్చి, మూడింటికి హాల్లో బర్త్‌డే పార్టీ ఉందన్నాడు. 39వ ఆయన తన పదోన్నతుల గురించి చెబుతుండగా ఆయన వెనక గులాబీ రంగు బెలూన్లు కట్టడం మొదలైంది. మా బ్యానర్ మీద యూనివర్సిటీ చిహ్నం, అందులో "తేజస్వినావధీతమస్తు" అనే మాట, దాని పక్కనే మెరుపు కాగితంతో "హ్యాపీ బర్త్‌డే".

46వ మనిషి కూర్చునేసరికి రెండుంబావు. నేను మైకు పట్టుకుని, "అనివార్య కారణాల వల్ల ముఖ్య అతిథి గారు రాలేకపోయారు" అని ప్రకటించాను. జనం అప్పటికే ప్లేట్ల వైపు ఒరిగారు. అప్పుడు గుమ్మం దగ్గర పెద్దాయన చెయ్యెత్తారు.

"బాబూ, నా వంతు రాలేదు."

"రండి మాస్టారూ. ఒక్క నిమిషమే, సరేనా?" అన్నాను. అంత కచ్చితంగా ఆ రోజు నేను ఇంకెవరికీ చెప్పలేదు.

ఆయన నెమ్మదిగా వచ్చి మైకు అందుకున్నారు. "అందరికీ నమస్కారం. మీరు చరిత్ర చెప్పమని పిలిచింది నన్నే."

నా చేతిలో గంట జారి గణగణా నేల మీద దొర్లింది. 46 మందీ అలవాటుగా చేతులు జోడించారు. ఈసారి అది సందర్భానికి సరిపోయింది.

పదీ ఇరవైకే వచ్చారట. సభలో మోగకూడదని ఫోన్ సైలెంట్‌లో పెట్టి సంచీలో వేశారట. "మరి చెప్పలేదేం మాస్టారూ?" అని ఏడుపు గొంతుతో అడిగాను. "ఎవరో పెద్దాయన కోసం చూడమన్నావు కదా. నాకన్నా పెద్ద వక్త ఇంకొకరు వస్తున్నారేమో అనుకున్నాను" అన్నారు. ఆ పెద్ద వక్త కోసం ఆయన నాలుగు గంటలు గుమ్మం కాశారు.

సంచీలో 24 పేజీల ప్రసంగం ఉంది. తియ్యలేదు. బెజవాడలో మొదలైన యూనివర్సిటీని 1930లో వాల్తేరుకి తరలించడం, కట్టమంచి రామలింగారెడ్డి గారు ఆంగ్ల ప్రభుత్వం దమనకాండకి నిరసనగా వైస్ ఛాన్సలర్ పదవి వదిలెయ్యడం, ఆ పదవిలోకి రాధాకృష్ణన్ గారు రావడం, జయపురం మహారాజు విక్రమదేవ వర్మ గారి విరాళాలు, మళ్ళీ 1936లో రెడ్డి గారే తిరిగి రావడం, అన్నీ నాలుగు వాక్యాల్లో చెప్పేశారు. తర్వాత బెలూన్ల పక్కనున్న బ్యానర్ కేసి చూపించారు.

"మన వాళ్ళు శాంతి మంత్రంలోంచి 'తేజస్వినావధీతమస్తు' దాకా తీసుకున్నారు. మన చదువు తేజస్సుతో వెలగాలని. మంత్రం అక్కడితో అయిపోదు. తర్వాతి మాట 'మా విద్విషావహై'. మనం ఒకరినొకరు ద్వేషించుకోకుండా ఉందాం అని. చిహ్నంలో చోటు చాలలేదేమో గానీ, మీ భోజనాల దగ్గర పనికొస్తుంది." నాకేసి తిరిగి, "నిమిషం అయినట్టుంది. గంట కొట్టవేం బాబూ?" అన్నారు.

పెసరట్లు సరిపోయాయి, ఉప్మా సరిపోలేదు. టిఫిన్ ఏమిటని మూడు రోజులు పోట్లాడినాయన మూడోసారి వడ్డించుకున్నారు. 37 రూపాయల వాళ్ళిద్దరూ ఒకే ప్లేట్లో తిన్నారు, ఇంకా వాదించుకుంటూనే. మాస్టారిని ఈసారి రెండుసార్లు బతిమాలి నా కార్లో ఎక్కించాను.

ఆయన్ని దింపి వస్తుంటే గంట గుర్తొచ్చింది. హాలుకి తిరిగి వెళ్ళాను. కేకు వెనక నిలబడి మూడేళ్ళ పాప కాగితం కిరీటం పెట్టుకుని రెండు చేతులతో నా గంట కొడుతోంది. వచ్చిన చుట్టాలంతా చప్పట్లు కొడుతున్నారు. "ఎవరో భలే గిఫ్ట్ ఇచ్చారండీ, వదలట్లేదు" అంది వాళ్ళమ్మ నాతో. భలే గిఫ్టేనని నేనూ ఒప్పుకున్నాను. కేకు ముక్క పెట్టారు, తిన్నాను.

కారెక్కుతుండగా ఫోను. "ఏమండీ, సాయంత్రం దీపం వేళయింది. ఇంతకీ గంట మీరేమన్నా చూశారా?"

"వినపడట్లేదు," అన్నాను, "లిఫ్టులో ఉన్నాను."